గెలిచిన పిల్లలు, గ్రౌండు దాకా రాని పిల్లలు

(పాలంపేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే వుంచాం. - సం.)



పొద్దున మీలో చాలామంది రామప్ప గుడి చూసి వచ్చారు. అందరికీ చూపించినట్టే మీకూ ఆ ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న రాతి స్త్రీని చూపించే వుంటారు. కాకతి గణపతిదేవుని కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ చూరు కింద నల్లరాతి స్త్రీలు నడుములు వంచి, కాళ్ళు మడిచి, చేతులు చాచి నిలబడి వున్నారు. ఎనిమిది వందల ఏళ్ళుగా వాళ్ళని ఎవరూ "కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చో" అనలేదు. గుడి దాటి ఏ వూళ్ళోకి వెళ్ళినా మన పిల్లకు పన్నెండేళ్ళు నిండగానే మొదట వినపడేది ఆ మాటే. సమ్మక్క సారలమ్మలకు, యుద్ధం చేసిన ఆ తల్లీబిడ్డలకు, నిలువెత్తు బంగారం మొక్కుకునే జిల్లా ఇది. అదే జిల్లాలో కూతురు సాయంత్రం ఆరు దాటితే గడప బయట వుండకూడదు.

నన్ను క్రికెట్ గురించి మాట్లాడమన్నారు. కార్యక్రమం కాగితం చూసి ఒక అక్క నిన్న రాత్రే నిలదీసింది: "కొట్టుడు కేసులున్నయి, చిన్నపోరలకు పెండ్లిళ్ళు చేస్తున్నరు, ఉపాధి పని పైసలు రాలేదు. గీ ముచ్చట్ల నడుమ క్రికెట్టేంది?" న్యాయమైన ప్రశ్న. పదేళ్ళ కిందట నేనూ అలాగే అనేదాన్ని. క్రికెట్ అంటే మగవాళ్ళు టీవీ ముందు కూర్చుంటే ఆడవాళ్ళు టీలు అందించే పండగ అని నా అభిప్రాయం. అందులో చాలా భాగం ఇప్పటికీ మారలేదు. కంపెనీల డబ్బు, ఆటగాళ్ళ వేలంపాట, బెట్టింగుల్లో మునిగి ఇల్లు గుల్ల చేసిన కొడుకులు, ఇవన్నీ మన వూళ్ళల్లో మనం చూస్తున్నవే. నేను ఆ ఆటకు ప్రచారం చేయడానికి రాలేదు. కానీ ఒక మ్యాచ్ కథ చెప్పనివ్వండి. ఆ కథ వెనక వున్న లెక్కలు మన పనికి పనికొస్తాయి.

2025 ఫిబ్రవరి 2. మలేసియాలో కౌలాలంపూర్ దగ్గర బయుమాస్ ఓవల్ అనే మైదానం. పందొమ్మిదేళ్ళ లోపు ఆడపిల్లల టీ-20 ప్రపంచ కప్ ఫైనల్, మన పిల్లలకూ దక్షిణాఫ్రికా పిల్లలకూ. ఒక్కో జట్టుకు ఇరవై ఓవర్లు, అంటే నూట ఇరవై బంతులు. ముందు బ్యాటు పట్టిన దక్షిణాఫ్రికా పిల్లలు ఆ నూట ఇరవై బంతుల్లో 82 పరుగులకే అందరూ అవుటయ్యారు. మన వాళ్ళు 68 బంతుల్లోనే 84 కొట్టేశారు. అవుటయింది ఒక్కరే. ఇంకా 52 బంతులు మిగిలి వుండగానే ఆట అయిపోయింది.

ఆ రోజు బంతితో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసి, తర్వాత ఓపెనర్‌గా దిగి 33 బంతుల్లో 44 పరుగులు చేసి, చివరిదాకా అవుట్ కాకుండా నిలబడ్డ పిల్ల పేరు గొంగడి త్రిష. ఆమెది భద్రాచలం. ఇక్కడి నుంచి ఏటూరునాగారం, మంగపేట మీదుగా గోదావరి వెంట పోతే వచ్చే భద్రాచలమే. అంతకు అయిదు రోజుల ముందు స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 పరుగులు చేసి అవుట్ కాలేదు. ఆ టోర్నమెంటు చరిత్రలో అదే మొదటి సెంచరీ. మొత్తం మీద 309 పరుగులు, ఏడు వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి బహుమానం ఆమెకే వచ్చింది. జట్టులో మన హైదరాబాదు నుంచి కేసరి ధృతి, విశాఖపట్నం నుంచి ఫాస్ట్ బౌలర్ షబ్నం వున్నారు. వాళ్ళకు కోచ్ నూషీన్ అల్ ఖదీర్.

ఈ నూషీన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2005లో దక్షిణాఫ్రికాలో జరిగిన స్త్రీల ప్రపంచ కప్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో మన దేశం ఓడిపోయింది. కెప్టెన్ సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్. ఓడిన ఆ జట్టులో నూషీన్ ఒకరు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 2023 జనవరి 29న, అదే దేశంలో పాచెఫ్‌స్ట్రూమ్‌లో ఇంగ్లండును 68 పరుగులకు అవుట్ చేసి అండర్-19 కప్పు గెలిచిన పిల్లలకు ఆమే కోచ్. మన దేశపు ఆడవాళ్ళ జట్టు ఏ వయసులోనైనా గెలిచిన మొదటి ప్రపంచ కప్పు అది. ఆ ఫైనల్లోనూ త్రిష వుంది. పదిహేడేళ్ళకు 24 పరుగులు. రెండేళ్ళు గడిచేసరికి గెలిపించే భారమంతా మోసే స్థాయికి వచ్చింది.

ఇప్పుడు ఒక సంవత్సరాల లెక్క చూడండి. మగపిల్లలకు అండర్-19 ప్రపంచ కప్పు 1988లో మొదలైంది. ఆడపిల్లలకు 2023లో. నడుమ ముప్పయి అయిదేళ్ళు. ఆడవాళ్ళకు ఆసక్తి లేక కాదు. అసలు పెద్దల ప్రపంచ కప్పు ఆడవాళ్ళదే ముందు జరిగింది, 1973లో. మగవాళ్ళది 1975లో. మనదేశంలో 1978లో జరిగిన ఆడవాళ్ళ ప్రపంచ కప్పులో చివరి మ్యాచ్, ఆస్ట్రేలియా ఇంగ్లండును ఓడించి కప్పు తీసుకుపోయిన మ్యాచ్, హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలోనే జరిగింది. మన అమ్మల కాలంలో, మన రాజధానిలో. మనలో ఎంతమందికి తెలుసు? నాకూ ఈ ప్రసంగం కోసం చదివే దాకా తెలియదు. 1973లో స్త్రీల క్రికెట్ సంఘం పెట్టుకున్నప్పటి నుంచి 2006లో పెద్ద బోర్డులో కలిసే దాకా ఆ క్రీడాకారిణులు రిజర్వేషన్ లేని బోగీల్లో ప్రయాణం చేస్తూ, డార్మిటరీల్లో పడుకుంటూ ఆడారు. 2005 ప్రపంచ కప్పులో ఒక్కో మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీ రాజే చెప్పింది.

2022 అక్టోబరులో బోర్డు మ్యాచ్ ఫీజు ఆడా మగా అందరికీ ఒకటే చేసింది. మంచిదే. కానీ సంవత్సరానికి ఇచ్చే కాంట్రాక్టు 2024-25లో ఆడవాళ్ళలో పై తరగతికి 50 లక్షలు, మగవాళ్ళలో పై తరగతికి 7 కోట్లు. ఇది "సమాన పనికి సమాన వేతనం" అని పేపర్లు రాశాయి. పత్తి చేలో ఆడకూలీకీ మగకూలీకీ తేడా లెక్కకట్టే మనకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2025 డిసెంబరులో దేశవాళీ మ్యాచ్‌లు ఆడే జూనియర్ అమ్మాయిలకు రోజు ఫీజు 10,000 నుంచి 25,000 రూపాయలకు పెంచారు. ఇది నిజంగా లెక్కలోకి వచ్చే మార్పు. ఎందుకంటే కప్పు గెలిచే పదిహేను మందికే కాకుండా రాష్ట్రం తరఫున ఆడే ప్రతి పిల్లకూ అందుతుంది.

గెలిచాక ఏం జరిగిందో మీకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో మన ముఖ్యమంత్రి త్రిషకు కోటి రూపాయలు ప్రకటించారు. ధృతికి పది లక్షలు. నాకు అభ్యంతరం లేదు, ఇవ్వాల్సిందే. కానీ ఆ పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు ఎవరు ఇచ్చారు? తండ్రి ఇచ్చాడు. ఆయన హాకీ ఆడినవాడు, శరీర వ్యాయామం నేర్పేవాడు. ఒక్కతే కూతురు. ఆమె ఆట కోసం భద్రాచలంలో ఉద్యోగం వదులుకుని, నడుపుకుంటున్న జిమ్ అమ్మి, ఉన్న వ్యవసాయ భూమి అమ్మి సికింద్రాబాదు చేరాడు. పత్రికలన్నీ దీన్ని త్యాగం అని రాశాయి. త్యాగమే. కానీ అమ్మడానికి భూమి వున్న త్యాగం. మన సంఘాల్లో వున్న ఆడవాళ్ళలో ఎంతమంది పేరు మీద అమ్ముకోవడానికి అరెకరం వుంది?

ఇంకొకటి కూడా నన్ను ఇబ్బంది పెడుతుంది, దాచుకోను. నడక నేర్చిన నాటి నుంచే కూతురి చేతికి బ్యాటు ఇచ్చి, ఆమె జీవితమంతా ఆ దారిన నడిపించడం హక్కు ఇవ్వడమేనా? ఆ పిల్ల వద్దంటే ఏమయ్యేది? తండ్రుల కలలు కూతుళ్ళ మీద మోపడం పితృస్వామ్యంలో కొత్త సంగతి కాదు. పెళ్ళి బదులు కప్పు, అంతేనా అని ఒక్కోసారి అనిపిస్తుంది. అయితే ఆమె ఆట చూస్తుంటే బలవంతం కనపడదు. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు రెండో పిల్ల. 2023లో గెలిచిన జట్టులో అర్చనా దేవి అని ఆఫ్ స్పిన్నర్. ఉత్తరప్రదేశ్‌లో ఉన్నావ్ జిల్లాలో ఒక పల్లె. తండ్రి కాన్సర్‌తో పోయాడు. తర్వాత అన్న పాము కరిచి పోయాడు. తల్లి రెండు ఆవులను, కాస్త పొలాన్ని నమ్ముకుని బతికింది. భర్తనూ కొడుకునూ మింగిందని వూరంతా ఆమెను మంత్రగత్తె అన్నారు. మెదక్‌లో, మహబూబ్‌నగర్‌లో బాణామతి పేరుతో ఒంటరి ఆడవాళ్ళను కొట్టి చంపిన కేసుల్లో తిరిగిన అక్కలు ఇక్కడ వున్నారు. ఆ మాటకు అర్థం వాళ్ళకు తెలుసు. ఆ తల్లి కూతుర్ని కస్తూర్బా గాంధీ బాలికల గురుకులంలో చేర్చింది. అప్పుడు కూతుర్ని అమ్ముకుందన్నారు.

ఆ కస్తూర్బాలో ఒక టీచరమ్మ ఆ పిల్ల పరుగు చూసింది. కాన్పూరులో కోచ్ దగ్గరికి తనే తీసుకుపోయింది. అక్కడి నుంచి ఆ పిల్ల ప్రపంచ కప్ ఫైనల్ దాకా వచ్చి రెండు వికెట్లు తీసింది, గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో ఒక క్యాచ్ పట్టింది. ఆ క్యాచ్ మీలో చాలామంది ఫోన్లలో చూసే వుంటారు. ఆ తల్లి ఆట చూడటానికి కరెంటు పోకుండా ఇన్వర్టర్ కొనుక్కుంది. ఆ ఇంటి గడప తొక్కని వాళ్ళు కప్పు గెలిచాక వచ్చారని పత్రికల్లో చదివాం.

ఈ రెండు దారుల్ని పక్కపక్కన పెట్టి చూడమని అడుగుతున్నాను. ఒక దారిలో కుటుంబం ఆస్తి అమ్మింది. రెండో దారిలో అమ్మడానికి ఏమీ లేదు. అక్కడ పనిచేసింది ఒక ప్రభుత్వ గురుకులం, పరుగెత్తే పిల్లను గుర్తుపట్టిన ఒక టీచరు. 2004లో మొదలైన ఈ కస్తూర్బా బడులు మన జిల్లాల్లోనూ వున్నాయి. వాటిల్లో చదివేది మన సంఘాల ఆడవాళ్ళ పిల్లలే. వాటిల్లో పనిచేసే టీచర్లు కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నవాళ్ళు. 2024 డిసెంబరులో వాళ్ళు సమ్మె చేస్తే మనలో కొందరం ఆ టెంట్లలో కూర్చున్నాం. అది జీతాల పోరాటం అనే అప్పుడు అనుకున్నాం. ఆ జీతాలకూ అర్చన పట్టిన క్యాచ్‌కీ సంబంధం వుంది.

మా దగ్గరి సంగతి చెప్తాను. వూరి పేరు, పిల్ల పేరు చెప్పను. ఏడో తరగతిలో ఒక పిల్ల ఎడమ చేత్తో బంతి వేసేది. టెన్నిస్ బంతే. మగపిల్లలు తమ జట్టులో ఆడనిచ్చేవాళ్ళు. దయతో కాదు, వికెట్లు తీస్తుంది కాబట్టి. ఆ ఏడు పిల్ల పెద్దమనిషి అయింది. ఇరవై ఒకటో రోజున ఫంక్షన్ చేశారు, ఫ్లెక్సీ కట్టారు, బంధువులందరూ చీరెలు పెట్టారు. ఆ తర్వాత గ్రౌండుకు రాలేదు.

నేను ఆ తల్లితో మాట్లాడ్డానికి వెళ్ళాను. మనసులో పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకునే వెళ్ళాను, అబద్ధమెందుకు. ఆమె నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అంది: "ఆడితే నాకేం కోపమక్కా. మంచిగనే ఆడ్తదంట. గని గ్రౌండు పక్కనే బెల్టుషాపు. చీకటి పడ్డంక ఎవడేమంటడో నేనేడ సూడాలె? నేను కూలి నుంచి వచ్చేసరికి ఏడైతది. నల్లా అయిదింటికొస్తది. నీళ్ళెవరు పట్టాలె? మళ్ళ ఆ మూడు దినాలల్ల బడిల బాత్రూముకు తాళమే."

నా ఉపన్యాసం నా దగ్గరే వుండిపోయింది. ఆమె చెప్పిన వాటిల్లో ఆచారం అన్న మాటే లేదు. బెల్టుషాపు, నీళ్ళు, మరుగుదొడ్డి, ఇంటిపని, చీకటి. మనం పాతికేళ్ళుగా చేస్తున్న పనుల జాబితాయే ఆమె నాకు అప్పచెప్పింది. సారా పోరాటం నాటి నుంచి మనం బెల్టుషాపుల మీద కొట్లాడుతున్నాం. అది భర్త తాగి వచ్చి కొడతాడన్న కోణంలోనే చూశాం. అది ఒక పిల్లను గ్రౌండు నుంచి వెళ్ళగొట్టిందని నాకు తట్టలేదు. నిన్న నన్ను నిలదీసిన అక్కకు ఇదే నా జవాబు. క్రికెట్ వేరే ముచ్చట కాదు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్పి పోతాను, పుస్తకాలు వెనక బల్ల మీద వున్నాయి. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందం, మనం సీడా అంటాం, 1979 నాటిది. మన దేశం 1993లో ఆమోదించింది. దాని పదో అధికరణంలో ఆటల్లో, వ్యాయామ విద్యలో చురుగ్గా పాల్గొనేందుకు సమాన అవకాశాలు అని స్పష్టంగా వుంది. మనం సీడాను ఎన్నిసార్లు చదివాం, ఆ వాక్యం దగ్గర ఒక్కసారైనా ఆగామా? బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం ఆటను హక్కు అనే అంటుంది. దాన్ని 1992లో ఆమోదించాం. ఇవి దూరమనుకుంటే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీయండి. ప్రతి బడికీ ఆట స్థలం, ఆట సామాన్లు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమందికి మించితే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకులు. సమాచార హక్కు దరఖాస్తు రాయడం మనకు చేతనైన పనే కదా. మీ మండలంలో ఎన్ని బడుల్లో పీఈటీ వున్నారు, ఆట సామాన్లకు వచ్చిన డబ్బు ఏమైంది, ఆ సామాన్లు ఏ బీరువాలో వున్నాయి, ఇవి అడగండి. ఒక బడిలో ఆట సామాన్ల డబ్బా సీలు కూడా తీయకుండా చూశాను. ఎందుకని అడిగితే పిల్లలు పాడుచేస్తారట!

క్రికెట్టే ఎందుకు, కబడ్డీ, ఖోఖో చాలవా అని అడిగేవాళ్ళున్నారు. ఏదైనా సరే. 2025 నవంబరు 2న పెద్దవాళ్ళ ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి వుంది. ఆ కప్పులో 14 వికెట్లు తీసింది. ఆమె చిన్నప్పుడు ఆడింది ఖోఖో, బాడ్మింటన్, పరుగుపందాలు. క్రికెట్టులోకి ఆలస్యంగా వచ్చింది. ముందు ఏదో ఒక ఆటలో ఒళ్ళు వంగాలి, పరుగెత్తే అలవాటు తప్పిపోకుండా వుండాలి. పన్నెండేళ్ళకు ఆగిపోయిన పిల్ల పదహారేళ్ళకు ఏ ఆటలోకీ రాదు.

గెలిచిన పిల్లలందరి కథా సుఖాంతం కాదు, అదీ చెప్పాలి. 2025 జట్టులో వైష్ణవి శర్మ, కమలిని ఆ సంవత్సరం డిసెంబరులోనే పెద్ద జట్టుకు ఆడారు. త్రిషను 2026 లీగు కోసం యూపీ వారియర్జ్ తీసుకుంది. మిగతా వాళ్ళలో చాలామంది రాష్ట్ర జట్లలో ఆడుతూ, చదువు, ఉద్యోగం ఎట్లా అని చూసుకుంటున్నవాళ్ళే. పందొమ్మిది దాటిన ఆడపిల్లను ఇంట్లో ఏమడుగుతారో మీకు తెలుసు. ఆట వల్ల ఉద్యోగం రావాలంటే స్పోర్ట్స్ కోటా అమలు గురించి కూడా మనం పట్టించుకోవాల్సి వుంటుంది. దాని మీద రేపు వేరే చర్చ పెట్టారు, నేను అందులోకి పోను.

ఆ ఎడమచేతి పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న మళ్ళీ ఆ బడికి వెళ్ళాను. మగపిల్లల మ్యాచ్ జరుగుతోంది. ఆ పిల్ల గట్టు మీద చున్నీ సర్దుకుంటూ కూర్చుని స్కోరు రాస్తోంది. వైడ్ అని అంపైరు చేతులు చాచేలోగానే పెన్సిల్‌తో గీత పెట్టేస్తోంది. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి తల ఎత్తకుండానే చెప్పింది: "ఆదివారం పొద్దుగాల అయితే పంపిస్తనంది మా అమ్మ. గప్పుడు షాపు తెరువరు. గని ఒక్కదాన్నే వస్తే ఏమాడాలె మేడం? ఇంక పదిమంది గావాలె."

భోజనాలయ్యాక మండలాల వారీగా కూర్చుంటాం. చుట్టుపక్కల వూళ్ళ నుంచి ఆదివారం పొద్దున రాగలిగిన పిల్లల పేర్లు, వాళ్ళను తీసుకొచ్చి తిరిగి ఇంట్లో దించే కార్యకర్త పేరు రాసివ్వండి. నా దగ్గర ఇప్పటికి నాలుగు పేర్లున్నాయి.